అమ్మానాన్నల అండ లేని పిల్లలకు అమెరికాలో గ్రీన్ కార్డు: ఎస్ఐజే దారిలో ఒక్కో మెట్టు

అమెరికాలోని తెలుగు ఇళ్లలో గ్రీన్ కార్డు మాటలన్నీ నాన్న ఉద్యోగం చుట్టూనో అమ్మ ఉద్యోగం చుట్టూనో తిరుగుతాయి. ఉద్యోగ వీసా హెచ్-1బీ, కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్ ఐ-140, లైన్లో మన చోటు చెప్పే ప్రయారిటీ డేట్. పిల్లలు ఆ ఫైల్లో ఒక డిపెండెంట్ పేరు, అంతే. మరి ఆ నాన్నే ఇల్లు వదిలి వెళ్లిపోతే? రోజూ కొట్టే మనిషైతే? ఒక్క యాక్సిడెంట్‌లో ఇద్దరూ పోతే? పిల్లల స్టేటస్ కూడా వాళ్లతోనే పోతుంది. ఇలాంటి పిల్లల కోసమే అమెరికా చట్టంలో 1990 నుంచి ఒక దారి ఉంది. దాని పేరు స్పెషల్ ఇమ్మిగ్రెంట్ జువెనైల్ స్టేటస్. లాయర్లు ముద్దుగా ఎస్ఐజే అంటారు. మన వాళ్లలో చాలామందికి ఈ పేరు చెవిన పడేసరికే పిల్లవాడికి పద్దెనిమిదో ఇరవయ్యొకటో దాటిపోతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

చెప్పడం సులువు కావడానికి ఒక ఇల్లు ఊహించుకుందాం. డాలస్ దగ్గర సబర్బ్. తండ్రికి హెచ్-1బీ, తల్లికీ ఇద్దరు పిల్లలకీ అతని మీద ఆధారపడ్డ వీసా హెచ్-4. పాపకి పదిహేడు, బాబుకి పన్నెండు. తండ్రి రెండేళ్లుగా ఇంట్లో చెయ్యి చేసుకుంటున్నాడు. ఒకరోజు ఉద్యోగం మానేసి ఇండియా వెళ్లిపోయాడు. డబ్బు పంపడు, ఫోన్ ఎత్తడు. ఉద్యోగం పోయిన రోజు నుంచి ఆ కుటుంబానికి మామూలుగా దొరికే గడువు గరిష్ఠంగా అరవై రోజులు. ఈ ఇంటిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ ఇక్కడికి వస్తాం.

ఇంకొక్క మాట. ఇంట్లో ఇప్పుడే ప్రమాదం ఉంటే ఇమ్మిగ్రేషన్ సంగతి తర్వాత, ముందు 911. పిల్లల మీద హింస గురించి మాట్లాడటానికి చైల్డ్‌హెల్ప్ లైన్ 1-800-422-4453, గృహహింసకి జాతీయ హాట్‌లైన్ 1-800-799-7233. ఫోన్ చేస్తే వీసా అడుగుతారేమో అన్న భయంతో ఆగిపోకండి. ఆ పోలీస్ రిపోర్టే రేపు కోర్టులో పెద్ద సాక్ష్యం అవుతుంది.

మొదటి మెట్టు: ఇది మీ పిల్లల దారేనా అని చూసుకోండి

ఎస్ఐజేకి కావలసినవి పైకి చూస్తే కొన్నే. దరఖాస్తు పెట్టే రోజుకి 21 ఏళ్లు నిండకూడదు. పెళ్లి కాకూడదు. అమెరికా గడ్డ మీదే ఉండాలి. తల్లిదండ్రుల్లో ఒకరితో గానీ ఇద్దరితో గానీ తిరిగి కలిసి బతకడం కుదరదని, దానికి కారణం హింస, నిర్లక్ష్యం, వదిలేయడం లేదా ఆ రాష్ట్ర చట్టంలో వీటితో సమానమైన మరో కారణం అని స్టేట్ కోర్టు తేల్చాలి. సొంత దేశానికి తిరిగి పంపడం బిడ్డకి మేలు కాదని కూడా కోర్టే చెప్పాలి.

"ఒకరితో గానీ" అన్న ముక్క 2008లో చట్టంలో చేరింది. మనకి అసలు ప్రాణం దాంట్లోనే ఉంది. తల్లి పక్కనే ఉండి ప్రేమగా చూసుకుంటున్నా, తండ్రి వదిలేశాడు కాబట్టి పిల్లలకి ఈ దారి తెరుచుకుంటుంది. అనాథలకే అనుకుని వెనక్కి తగ్గినవాళ్లు ఉంటారు. అలా తగ్గక్కర్లేదు.

తండ్రి లేదా తల్లి చనిపోయిన ఇంట్లో అయితే ముందు వేరే తలుపు తట్టి చూడండి. చనిపోయిన మనిషి పేరు మీద ఐ-140 అప్రూవ్ అయి ఉన్నా, పెండింగ్‌లో ఉన్నా, ఆ మరణం నాటికి కుటుంబం అమెరికాలో నివసిస్తూ ఉంటే, ఇమ్మిగ్రేషన్ చట్టం సెక్షన్ 204(ఎల్) కింద భార్యాపిల్లలు అదే లైన్లో కొనసాగమని అడగొచ్చు. 2009లో వచ్చిన సవరణ ఇది. లైను అదే ఇండియా లైను కాబట్టి ఎదురుచూపు తప్పదు, ఈలోపు ఇక్కడ ఉండటానికి వేరే స్టేటస్ చూసుకోవాలి. అయినా పదేళ్లు నిలబడి సంపాదించిన ప్రయారిటీ డేట్‌ని దుఃఖంలో చేజార్చుకోకూడదు కదా. తానా, ఆటా, నాట్స్ లాంటి తెలుగు సంఘాల వాలంటీర్లు ఇలాంటి సమయంలో భౌతికకాయం ఇండియాకి పంపడం, విరాళాలు పోగుచెయ్యడం చేస్తుంటారు. ఆ హడావుడిలోనే ఎవరో ఒకరు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక ఫోన్ చెయ్యాలి.

హింస చేసినవాడు అమెరికా సిటిజన్ లేదా గ్రీన్ కార్డు ఉన్న తండ్రి, తల్లి, సవతి తండ్రి, సవతి తల్లి అయితే గృహహింస బాధితుల కోసం ఉన్న వావా అనే చట్టం కింద బిడ్డే సొంతంగా పిటిషన్ వేసుకోవచ్చు. 21 ఏళ్ల లోపు వెయ్యాలి. ఆలస్యానికి హింసే కారణమని చూపిస్తే 25 దాకా వీలుంది. హెచ్-1బీ తండ్రి మీద ఇది పనిచెయ్యదు. ఇంట్లో పనికి పెట్టుకుని బడికి పంపకుండా, జీతం ఇవ్వకుండా బిడ్డని వాడుకున్న కేసులైతే మనుషుల అక్రమ రవాణా బాధితులకిచ్చే టీ వీసా చూడాలి. నేరం జరిగిన నాటికి పద్దెనిమిది నిండని పిల్లలు పోలీసులకి సహకరించి తీరాలన్న షరతు అందులో లేదు. ఇండియా వెళ్తే ప్రాణానికో ఒంటికో ప్రమాదం ఉన్న పిల్లలకి అసైలం, అంటే శరణు, ఉంది, కానీ దానికి మతం, రాజకీయం, సామాజిక వర్గం లాంటి కారణం చూపించాలి.

దత్తత గురించి కూడా చాలామంది అడుగుతారు. "అక్క కొడుకుని దత్తత తీసుకుంటే వచ్చేస్తుంది కదా?" అంత తేలిక కాదు. ఇండియా, అమెరికా రెండూ హేగ్ దత్తత ఒప్పందంలో ఉన్నాయి. ఊళ్లో పెద్దల ముందు రాసుకున్న దత్తత పత్రం, రిజిస్టర్ చేయించినా సరే, ఒక్కటే చాలదు. మామూలుగా బిడ్డకి 16 నిండకముందే కదలాలి. అది వేరే పెద్ద కథ, ఇక్కడితో ఆపుతాను.

రెండో మెట్టు: రెండు గడియారాలు చూడండి

ఎస్ఐజేలో పోయే కేసులు ఎక్కువగా వయసు దగ్గరే పోతాయి. ఇమ్మిగ్రేషన్ ఆఫీసు, అంటే యూఎస్‌సీఐఎస్, 21 దాకా ఒప్పుకుంటుంది. కానీ దానికన్నా ముందు స్టేట్ కోర్టు ఆర్డర్ కావాలి, ఆ కోర్టుకి పిల్లల మీద అధికారం ఎన్నేళ్ల దాకా ఉందో ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. న్యూయార్క్, మేరీలాండ్, మసాచుసెట్స్‌లో 21 దాకా దారులున్నాయి. కాలిఫోర్నియాలో 18 నుంచి 20 ఏళ్ల వాళ్లకి వారసత్వం, సంరక్షణ కేసులు చూసే ప్రొబేట్ కోర్టు గార్డియన్‌షిప్ ఇవ్వొచ్చని 2015లో చట్టం చేశారు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2017లో ఇలాంటిదే వచ్చింది. టెక్సాస్‌లో మాత్రం 18 దాటితే తలుపు దాదాపు మూసుకున్నట్టే.

మన డాలస్ ఇంట్లో పాపకి పదిహేడు. పుట్టినరోజు ఇంకా ఏడు నెలలు ఉందనుకోండి. కోర్టులో కేసు వెయ్యడం కాదు, ఆ ఏడు నెలల్లో ఆర్డర్ చేతికి రావాలి. బాబు విషయంలో అంత తొందర లేకపోయినా ఇద్దరి కేసూ కలిపే వేస్తారు. క్యాలెండర్‌లో పాప పుట్టినరోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. హియరింగ్ డేట్, నోటీసు అందే సమయం, కాగితాలు ఇండియా నుంచి రావడం. లాయర్‌తో మొదటి మాట ఇదే అవ్వాలి: "బిడ్డకి ఫలానా తేదీకి పద్దెనిమిది నిండుతుంది."

ఊరట కలిగించే సంగతి ఒకటుంది. 21 లోపు ఎస్ఐజే దరఖాస్తు ఫారం ఐ-360 పెట్టేస్తే వయసు అక్కడితో ఆగిపోతుంది. తర్వాత లైన్లో నిలబడి ముప్పై వచ్చినా దారి మూసుకోదు. 21 నిండగానే డిపెండెంట్ హక్కు పోయే హెచ్-4 పిల్లల ఏజ్ అవుట్ టెన్షన్ చూసినవాళ్లకి ఇది నమ్మబుద్ధి కాదు, కానీ నిజం.

మూడో మెట్టు: లాయర్ ఒకరు చాలకపోవచ్చు

ఈ పనిలో రెండు చట్టాలు కలుస్తాయి. కస్టడీ, గార్డియన్‌షిప్ రాష్ట్రానిది. గ్రీన్ కార్డు కేంద్రానిది. హెచ్-1బీలు చేసే కార్పొరేట్ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఫ్యామిలీ కోర్టు గడప తెలియకపోవచ్చు. విడాకుల లాయర్‌కి ఎస్ఐజే మాటలు తెలియకపోవచ్చు. రెండూ తెలిసినవాళ్లు దొరికితే అదృష్టం. లేకపోతే ఇద్దరినీ పెట్టుకుని ఒకరితో ఒకరిని మాట్లాడించండి. విడాకుల ఆర్డర్ వచ్చేశాక "దీంట్లో ఎస్ఐజే మాటలు లేవే" అని నాలిక కరుచుకోవడం ఎంత ఖరీదైన పొరపాటో చెప్పలేను.

డబ్బు లేని వాళ్లకి కూడా దారులున్నాయి. ఒంటరి పిల్లల కేసులు ఉచితంగా చూసే కిడ్స్ ఇన్ నీడ్ ఆఫ్ డిఫెన్స్, న్యూయార్క్‌లో సేఫ్ ప్యాసేజ్ ప్రాజెక్ట్, ది డోర్. మన ఇంటి పరిస్థితి అర్థమయ్యేలా చెప్పుకోవాలంటే దక్షిణాసియా ఆడవాళ్ల కోసం పెట్టిన సంస్థలు మేలు: న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, అట్లాంటాలో రక్ష, హ్యూస్టన్‌లో దయ, డాలస్‌లో చేతన, షికాగోలో అప్నా ఘర్, బే ఏరియాలో మైత్రి. ఇంట్లో గొడవ బయట పెడితే పరువు పోతుందని అత్తామామలు అన్నా, అమ్మానాన్నలు అన్నా, ఈ సంస్థల వాళ్లకి ఆ మాట కొత్త కాదు.

దూరంగా ఉండవలసినవాళ్లు ఎవరంటే, "పేపర్ వర్క్ నేను చూసుకుంటా" అనే కన్సల్టెన్సీ అంకుల్స్. అమెరికాలో ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడానికి లైసెన్స్ ఉన్న అటార్నీ అయినా కావాలి, న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధి అయినా కావాలి. నోటరీ అంటే ఇక్కడ సంతకానికి సాక్షి మాత్రమే.

నాలుగో మెట్టు: కాగితాలు, ముఖ్యంగా ఇండియా కాగితాలు

వయసు రుజువుకి బర్త్ సర్టిఫికెట్ ముఖ్యం. పాస్‌పోర్ట్ కూడా పనికొస్తుంది, కానీ చివరి మెట్టులో బర్త్ సర్టిఫికెట్ ఎలాగూ అడుగుతారు. ఆంధ్రాలో పుట్టిన బిడ్డకి మున్సిపాలిటీ నుంచో సచివాలయం నుంచో, తెలంగాణలో మీసేవ నుంచో తెప్పించుకోవచ్చు. చాలా సర్టిఫికెట్లలో బిడ్డ పేరు ఖాళీగా ఉంటుంది, "మగ" "ఆడ" అని మాత్రమే రాసి ఉంటుంది. పేరు చేర్పించాకే కొత్త కాపీ తీయించండి. తల్లి పేరు ఒక చోట పుట్టింటి ఇంటిపేరుతో, మరో చోట అత్తింటి ఇంటిపేరుతో ఉండటం మన దగ్గర మామూలే. ఇక్కడి ఆఫీసర్‌కి అది ఇద్దరు మనుషులుగా కనిపిస్తుంది. ఒక అఫిడవిట్‌తో ముందే సర్దుకోండి. జనన నమోదే లేకపోతే, నమోదు లేదని ఆఫీసు ఇచ్చే పత్రం, పుట్టుక తెలిసిన పెద్దవాళ్ల అఫిడవిట్లు, స్కూల్ రికార్డులు కలిపి పెడతారు.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లీష్ అనువాదం ఉండాలి. రెండు భాషలూ వచ్చినవాళ్లు ఎవరైనా చెయ్యొచ్చు, నేను సమర్థుణ్ణి, ఇది సరైన అనువాదం అని రాసి సంతకం పెట్టాలి. బంధువుల వాట్సాప్ మెసేజ్‌లు సాక్ష్యంగా పెడితే వాటికీ ఇదే. తండ్రి బెదిరించిన మెసేజ్ "నీ సంగతి చూస్తా" అని తెలుగు మాటలు ఇంగ్లీష్ అక్షరాల్లో ఉంటుంది కదా, అది ఇంగ్లీష్ కాదని మర్చిపోవద్దు.

బిడ్డ పాస్‌పోర్ట్ తండ్రి దగ్గరే ఉండిపోతే కంగారు పడకండి. మైనర్ పాస్‌పోర్ట్‌కి మామూలుగా ఇద్దరి సంతకాలు అడుగుతారు గానీ, ఒక్కరే ఉన్న పరిస్థితికి వేరే డిక్లరేషన్ ఉంది. కస్టడీ ఆర్డర్ చేతిలో ఉంటే కాన్సులేట్‌లో పని ఇంకా సులువు.

మిగతావి ఇక్కడివే. స్కూల్ కౌన్సెలర్ నోట్స్, డాక్టర్ రికార్డులు, పోలీస్ రిపోర్టులు, రెండేళ్లుగా డబ్బు రాలేదని చూపించే బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పొరుగువాళ్ల అఫిడవిట్లు. తేదీలు రాసిన ఒక డైరీ చాలా బరువైన సాక్ష్యం. ఈ రోజే మొదలుపెట్టినా ఫర్వాలేదు.

ఐదో మెట్టు: స్టేట్ కోర్టు

మన దగ్గర జువెనైల్ అనగానే నేరం చేసిన పిల్లల హోమ్ గుర్తొస్తుంది. ఇక్కడ ఈ మాటకి ఆ అర్థం లేదు. పిల్లల సంరక్షణ గురించి తీర్పు చెప్పే అధికారం ఉన్న ఏ కోర్టైనా జువెనైల్ కోర్టే: ఫ్యామిలీ కోర్టు, ప్రొబేట్ కోర్టు, విడాకులు, కస్టడీ చూసే కోర్టు. మన డాలస్ తల్లి కస్టడీ కేసు వేస్తే అదే చాలు. అమ్మానాన్నలిద్దరూ పోయిన పిల్లలకైతే పిన్నో, బాబాయో, ఫ్యామిలీ ఫ్రెండో గార్డియన్‌షిప్ కోసం అడుగుతారు. హింస వల్ల ప్రభుత్వమే పిల్లల్ని తీసుకెళ్లి ఫోస్టర్ ఇంట్లో పెట్టిన కేసుల్లో ఆ డిపెండెన్సీ కోర్టే ఆర్డర్ ఇస్తుంది. అక్కడ సోషల్ వర్కర్‌తో ఎస్ఐజే మాట మీరే ఎత్తండి.

ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునే చోటు: ఇండియాలో ఉన్న తండ్రికి నోటీసు. అవతలి పక్షానికి కబురు చెయ్యకుండా కోర్టు ముందుకు కదలదు. ఇండియా హేగ్ సర్వీస్ ఒప్పందంలో 2007 నుంచి ఉంది, కానీ పోస్టులో నోటీసు పంపే పద్ధతిని ఒప్పుకోలేదు. కాబట్టి గుంటూరులోని అడ్రస్‌కి ఫెడెక్స్‌లో పంపేసి పని అయిందనుకుంటే తర్వాత ఆర్డరే చెల్లదనే ప్రమాదం ఉంది. సరైన దారి ఢిల్లీలోని న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారా. అది నెలల తరబడి పట్టే వ్యవహారం. పద్దెనిమిదికి దగ్గరపడ్డ పాప కేసులో ఆ నెలలే ప్రాణాంతకం.

అందుకని లాయర్లు ముందు వేరే మార్గాలు చూస్తారు. తండ్రి మాట వినే స్థితిలో ఉంటే, నోటీసు అందింది, అభ్యంతరం లేదు అని నోటరీ ముందు సంతకం పెట్టిన కాగితం పంపిస్తే చిక్కు విడిపోతుంది. దాన్ని ఎప్పుడు, ఏ మాటలతో సంతకం చేయించాలో మీ రాష్ట్ర నియమం ప్రకారం. చాలా చోట్ల కేసు వేశాక పెట్టిన సంతకమే చెల్లుతుంది. అడ్రసే తెలియకపోతే హేగ్ ఒప్పందం వర్తించదు, అప్పుడు కోర్టు అనుమతితో వేరే పద్ధతులుంటాయి. కానీ వెతికామని నిజాయితీగా చూపించాలి. అడ్రస్ తెలిసీ తెలియదని రాసి, మీ పెళ్లి ఆల్బమ్ గ్రూపులో ఆయన రోజూ గుడ్ మార్నింగ్‌లు పెడుతున్నాడని బయటపడితే కేసు అక్కడితో సరి.

ఆరో మెట్టు: ఆర్డర్‌లో ఏ మాటలు ఉండాలి

కోర్టు ఇమ్మిగ్రేషన్ సంగతి తేల్చదు. పిల్లల సంగతి తేలుస్తుంది, అంతే. కానీ ఆర్డర్‌లో మూడు విషయాలు స్పష్టంగా లేకపోతే తర్వాత మెట్టు ఎక్కలేరు. బిడ్డని ఎవరి సంరక్షణలో పెట్టారన్నది ఒకటి. ఫలానా తండ్రి లేదా తల్లితో కలవడం కుదరదు, ఎందుకంటే ఈ రాష్ట్ర చట్టంలో ఫలానా సెక్షన్ ప్రకారం ఇది వదిలేయడం అన్నది రెండోది. ఇండియాకి పంపడం బిడ్డకి మేలు కాదన్నది మూడోది.

చట్టంలోని మాటల్ని కాపీ కొట్టి అతికించిన ఆర్డర్ నిలబడదు. కారణాలు, సంఘటనలు, తేదీలు కావాలి. "2023 నుంచి తండ్రి ఒక్క డాలర్ పంపలేదు, రెండుసార్లు పోలీసులు వచ్చారు" అని ఉంటేనే యూఎస్‌సీఐఎస్ నమ్ముతుంది. తండ్రో తల్లో చనిపోయిన కేసుల్లో మరీ జాగ్రత్త. మరణం ఒక్కటే అన్ని రాష్ట్రాల్లో వదిలేయడం కిందికి రాదు. ఇది హింసకీ నిర్లక్ష్యానికీ సమానమైన కారణమని ఆ రాష్ట్ర చట్టాన్ని చూపించి ఆర్డర్‌లో రాయించాలి.

మూడో విషయం దగ్గర మన వాళ్లు తడబడతారు. ఇండియా మంచిది కాదు అని వాదించమన్నట్టు అనిపించి మనసు ఒప్పుకోదు. అడిగేది అది కాదు. ఈ బిడ్డని అక్కడ ఎవరు చూస్తారు? తాతయ్యకి డెబ్బై ఎనిమిది, నానమ్మ మంచంలో. తండ్రి అదే ఊళ్లో. బాబుకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మూడేళ్ల వయసు నుంచి ఇక్కడి బడి. ఆస్తమాకి డాక్టర్ ఇక్కడే. దేశం గురించి ఒక్క ముక్క చెడు చెప్పకుండానే ఇదంతా చెప్పొచ్చు.

ఇంకో సంగతి. కోర్టుకి వెళ్లింది ప్రధానంగా బిడ్డ రక్షణ కోసమేనని, గ్రీన్ కార్డు కోసమే కాదని యూఎస్‌సీఐఎస్ చూస్తుంది. ఆర్డర్ వల్ల బిడ్డకి నిజంగా ఏదో ఒక ఆసరా దొరకాలి. కస్టడీ, తండ్రి దగ్గరికి రాకుండా ఆంక్ష, సపోర్ట్ డబ్బు, కౌన్సెలింగ్ లాంటివి.

ఇక్కడే మేనమామ ట్రిక్ గురించి చెప్పాలి. ఇండియాలో తల్లిదండ్రులిద్దరూ చక్కగా ఉన్నారు, పిల్లవాణ్ణి విజిటర్ వీసా మీద తెచ్చి, మామయ్య పేరు మీద గార్డియన్‌షిప్ తీసుకుని, అమ్మానాన్నలు వదిలేశారని అఫిడవిట్ రాయించే సలహాలు అక్కడక్కడా వినిపిస్తాయి. హెచ్-4 మీద ఏజ్ అవుట్ కాబోతున్న పిల్లలకి కూడా ఇదే చిట్కా చెప్పేవాళ్లుంటారు. అది కోర్టులో అబద్ధపు ప్రమాణం. దొరికితే పిల్లవాడి పేరు మీద ఫ్రాడ్ ముద్ర జీవితాంతం ఉంటుంది, సంతకం పెట్టిన మామయ్య గ్రీన్ కార్డుకీ ఎసరు. పైగా నిజంగా కష్టంలో ఉన్న పిల్లల ఫైళ్లని అనుమానంగా చూసే అలవాటు ఆఫీసర్లకి ఇలాంటి వాటితోనే వస్తుంది.

ఏడో మెట్టు: ఐ-360

ఆర్డర్ రాగానే ఐ-360 ఫారం, ఆర్డర్ కాపీ, వయసు రుజువు, కోర్టు దేన్ని చూసి నమ్మిందో చూపించే కాగితాలు కలిపి యూఎస్‌సీఐఎస్‌కి పంపాలి. ఎస్ఐజేకి చాలాకాలం ఫీజు లేదు. 2025 జులైలో వచ్చిన చట్టంతో 250 డాలర్లు పెట్టారు. ఫీజులు ఇప్పుడు ఏటా మారేలా ఉన్నాయి కాబట్టి పంపే రోజు వెబ్‌సైట్‌లో చూసుకుని పంపండి, తప్పు ఫీజుతో ప్యాకెట్ తిరిగొస్తే 21కి దగ్గరున్న పిల్లలకి కోలుకోలేని దెబ్బ.

చట్టం ప్రకారం 180 రోజుల్లో నిర్ణయం రావాలి. ఆఫీసర్ బిడ్డని ఇంటర్వ్యూకి పిలవొచ్చు. హింస చేసిన మనిషిని సంప్రదించమని బిడ్డని ఎప్పుడూ బలవంతపెట్టకూడదని చట్టంలోనే రాసి ఉంది. అదనపు సాక్ష్యం అడుగుతూ ఆర్ఎఫ్‌ఈ వస్తే చాలాసార్లు ఆర్డర్‌లో కారణాలు చాలవనే ఉంటుంది. స్టేట్ కోర్టుకి తిరిగి వెళ్లి సవరించిన ఆర్డర్ తెచ్చుకోవాల్సి వస్తే, బిడ్డకి అప్పటికే వయసు దాటిపోయి ఉండొచ్చు. అందుకే ఆరో మెట్టు మీద అంతసేపు నిలబడ్డాను.

నిర్ణయం వచ్చేదాకా పెళ్లి చేసుకోకూడదు. ఇరవై ఏళ్ల అమ్మాయికి సంబంధం కుదిరిందని ఇంట్లో తొందరపెడితే ఇది గుర్తుచెయ్యండి. 2022 నిబంధనల ప్రకారం ఐ-360 అప్రూవ్ అయ్యాక పెళ్లి చేసుకుంటే మాత్రం ఆ అప్రూవల్ పోదు.

మరి అమ్మ సంగతి?

ఈ ప్రశ్న ప్రతి తల్లీ అడుగుతుంది. జవాబు కటువుగా ఉంటుంది. ఎస్ఐజే ద్వారా గ్రీన్ కార్డు వచ్చిన బిడ్డ, తర్వాత సిటిజన్ అయినా సరే, కన్న తల్లిదండ్రులకి ఇమ్మిగ్రేషన్ లాభం ఏదీ ఇప్పించలేదు. వదిలేసిన తండ్రికే కాదు, పెంచిన తల్లికి కూడా. చట్టం ఇద్దరి మధ్య తేడా చూడదు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

కాబట్టి తల్లి తన దారి తను విడిగా వెతుక్కోవాలి. గృహహింస నేరం గురించి పోలీసులకి చెప్పి సహకరించి ఉంటే యూ వీసా ఉంది. దాంట్లో 21 లోపు పిల్లలు కూడా ఆమెతో పాటు చేరతారు. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి లైను చాలా పొడవు. దానికి పోలీసులు సంతకం చేసిన సర్టిఫికెట్ కావాలి, సంతకం పడ్డ ఆరు నెలల్లోపు దరఖాస్తు పెట్టాలి. హింసకి గురైన హెచ్-4 భార్యలకి వర్క్ పర్మిట్ ఇచ్చే వేరే ఫారం, ఐ-765వి, కూడా ఉంది. నా అభిప్రాయం అడిగితే, మన డాలస్ ఇంటిలాంటి చోట పిల్లలకి ఎస్ఐజే, తల్లికి యూ వీసా రెండూ పక్కపక్కన నడిపించమంటాను. ఒకదాన్ని చూసి రెండోది ఆపొద్దు.

ఎనిమిదో మెట్టు: లైన్లో నిలబడటం

ఐ-360 అప్రూవ్ అయితే గ్రీన్ కార్డు వచ్చినట్టు కాదు. ఎస్ఐజే పిల్లలు ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో నాలుగో వర్గమైన ఈబీ-4 కేటగిరీలో నిలబడతారు. ఏడాదికి సుమారు 9,940 వీసాలు, మత బోధకులు లాంటి వేరే వాళ్లతో కలిపి. ఐ-360 చేరిన తేదీయే ప్రయారిటీ డేట్. 2023 ఏప్రిల్ దాకా ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, హోండురస్ పిల్లలకి వేరే లైను ఉండేది, అది చాలా వెనకబడి ఉండేది. ఆ నెల నుంచి అందరినీ ఒకే లైన్లో కలిపారు. దాంతో మిగతా దేశాల పిల్లలూ ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వస్తోంది. 2025 ఆర్థిక సంవత్సరంలో అయితే ఫిబ్రవరి చివరికే ఈబీ-4 వీసాలు అయిపోయాయని ప్రకటించారు. ఉద్యోగుల ఈబీ-2 ఇండియా లైన్లో తలనెరిసిన వాళ్లకి ఐదేళ్లు చిన్నగా కనిపించొచ్చు. పన్నెండేళ్ల పిల్లాడికి అది బాల్యంలో మిగిలిన భాగం మొత్తం.

ఈ ఎదురుచూపులో ఉన్న పిల్లలకి 2022 మే నుంచి డిఫర్డ్ యాక్షన్ అని, దేశం నుంచి పంపించకుండా నాలుగేళ్ల రక్షణ, దాని మీద వర్క్ పర్మిట్ ఇచ్చేవారు. 2025 జూన్ 6న ఆ విధానాన్ని వెనక్కి తీసుకున్నారు, దాని మీద కోర్టులో కేసు నడిచింది. మీరు అప్లై చేసే రోజుకి అది ఏ స్థితిలో ఉందో లాయర్‌ని సూటిగా అడగండి. రెండేళ్ల కిందటి యూట్యూబ్ వీడియో చూసి వర్క్ పర్మిట్ వస్తుందని లెక్కవేసుకోకండి.

హెచ్-4 ఇంకా బతికుంటే దాన్ని వీలైనన్ని రోజులు కాపాడుకోండి. హెచ్ వీసాకి గ్రీన్ కార్డు ప్రయత్నం అడ్డు కాదు. స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారాలనుకుంటే లాయర్‌తో మాట్లాడకుండా మారకండి, అక్కడ ఇమ్మిగ్రెంట్ పిటిషన్ పెట్టడం ప్రశ్న అవుతుంది. స్టేటస్ లేకుండా ఉన్న రోజులు 18 నిండేదాకా అన్‌లాఫుల్ ప్రెజెన్స్ కింద లెక్కలోకి రావు. నిండాక 180 రోజులు దాటి దేశం విడిచి వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రానివ్వరు.

అందుకే ఈ కాలమంతా ప్రయాణం వద్దు. అమ్మమ్మకి బాగోలేదని, బాబాయి పెళ్లని టికెట్ బుక్ చేసే ముందు లాయర్‌కి ఫోన్ చెయ్యాలి. అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, వేసవి సెలవుల్లో బిడ్డ ఇండియా వెళ్లి, తనని వదిలేశాడని కోర్టుకి చెప్పిన ఆ తండ్రి ఇంట్లోనే నెల రోజులు ఉండి రావడం.

తొమ్మిదో మెట్టు: ఐ-485

ఎవరి వంతు వచ్చిందో నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్‌లో మీ ప్రయారిటీ డేట్ వచ్చాక గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 పెట్టాలి. ఇమ్మిగ్రేషన్ కోర్టులో డిపోర్టేషన్ కేసు నడుస్తున్న పిల్లలైతే మామూలుగా ఇది జడ్జి ముందు పెడతారు. డాక్టర్ సీల్ వేసి ఇచ్చే ఐ-693 మెడికల్, బర్త్ సర్టిఫికెట్, ఫొటోలు, ఐ-360 అప్రూవల్ జత చేస్తారు. ఎస్ఐజే పిల్లలకి ఫీజు మినహాయింపులు ఏమున్నాయో ఆ రోజు ఫీజు పట్టికలో చూడండి.

స్టేటస్ పోయిందని భయపడక్కర్లేదు. ఎస్ఐజే పిల్లల్ని చట్టం ఈ పని కోసం పరోల్ మీద, అంటే ప్రభుత్వ అనుమతితో దేశంలోకి, వచ్చినవాళ్లుగానే లెక్కేస్తుంది. కాబట్టి వీసా లేకుండా వచ్చినా, స్టేటస్ పోయినా అది అడ్డు కాదు. ప్రభుత్వ సాయం తీసుకున్నారని కూడా ఆపరు. ఆపేవి నేరాలు, ముఖ్యంగా డ్రగ్స్ కేసులు. టీనేజ్ పిల్లలకి ఇది కూర్చోబెట్టి చెప్పండి. గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రంలో ఉన్నా ఫెడరల్ చట్టానికి అది నేరమే.

గ్రీన్ కార్డు వచ్చిన ఐదేళ్లకి సిటిజన్‌షిప్‌కి అప్లై చెయ్యొచ్చు.

ఇన్నేళ్ల మధ్యలో ఈ పిల్లలు ఇళ్లు మారుతూనే ఉంటారు. పిన్ని ఇల్లు, షెల్టర్, ఫోస్టర్ ఇల్లు, కాలేజీ డార్మ్. మారిన ప్రతిసారీ పది రోజుల్లోపు ఏఆర్-11 ఫారంతో యూఎస్‌సీఐఎస్‌కి కొత్త అడ్రస్ చెప్పాలి, ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. కోర్టులో కేసు ఉంటే అక్కడ విడిగా చెప్పాలి. వేలిముద్రల కోసం పంపే బయోమెట్రిక్స్ పిలుపు పాత అపార్ట్‌మెంట్ పోస్ట్‌బాక్స్‌లో పడి ఉండిపోతే ఫైలు మూసేస్తారు, కాబట్టి ప్రతి నోటీసు కాపీ లాయర్‌కి కూడా వెళ్లేలా లాయర్ మీ తరఫున ఉన్నారని చెప్పే జీ-28 ఫారం మీద సంతకం పెట్టించి ఉంచండి.